నవలలోని కలయిక – మన ఇంటి పెళ్ళిచూపులు



పోయిన వేసవిలో ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరూ ఇండ్లకు వెళ్ళిపోయారు. పెబ్బేరుకు దగ్గరి పల్లెనుండి వచ్చే ఒక తల్లి మాత్రం మందిరము మెట్లమీదనే కూర్చుండిపోయింది. చేతిలో బైబిలు సంచి, కండ్లలో నీళ్ళు.

“ఏమైందమ్మా?” అని అడిగాను.

“ఏం చెప్పాలె అయ్యగారూ. మా పిల్ల రాత్రి పన్నెండైనా ఫోను విడుస్తలేదు. దుప్పటి కప్పుకొని ఒక్కతే నవ్వుకుంటది. ఎవడో ఉన్నడు. వాళ్ళ నాయినకు తెలిస్తే కాలేజీ బంద్ జేయించి, ముందుగాల ఏ సంబంధం వస్తే దానికిచ్చి పంపిస్తడు.”

ఆ సాయంకాలము నేను, నా భార్య వారి ఇంటికి వెళ్ళాము. ఆ అమ్మాయి డిగ్రీ రెండవ సంవత్సరము చదువుతున్నది. ఆదివారబడిలో చిన్నపిల్లలకు పాటలు నేర్పేది ఆమెయే. నా భార్య మెల్లగా సంగతి అడగగానే, ఏమాత్రము జంకకుండా ఫోను తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. అందులో ఏ అబ్బాయీ లేడు. ఉన్నది ఒక నవల. బస్సులో ఒక అబ్బాయి సంచి, ఒక అమ్మాయి సంచి తారుమారు అవుతాయి. అమ్మాయి నోటుపుస్తకము అబ్బాయి చేతిలో పడుతుంది. అక్కడనుండి ఇద్దరి పోట్లాట, ఆ పోట్లాటలోనుండి స్నేహము, చివరకు పెండ్లి. నవ్వులాట కథ.

“దీంట్ల ఇంతగా నవ్వడానికి ఏముంది బిడ్డా?” అని అడిగాను. అప్పుడు ఆ పిల్ల చెప్పిన జవాబు నన్ను చాలా రోజులు నిద్రపోనియ్యలేదు.

“అయ్యగారూ, నన్ను చూడనీకి ఇప్పటికి ముగ్గురొచ్చిండ్రు. ఒక్కరు గూడ నాతోని మాట్లాడలే. ఇటునుంచి అటు నడువుమన్నరు. మన శనివారం సంతల ఎద్దును నడిపిచ్చి చూసినట్టు చూసిండ్రు. పండ్లు చూసుడొక్కటే తక్కువ. ఈ కథల పిల్లోడేమో ఆమె ముఖం చూడకముందే ఆమె రాసుకున్నది చదివి, ఈ పిల్లకు మాటలు బాగ వచ్చు అనుకుంటడు. గది చదివి నవ్వొచ్చింది, ఏడుపు గూడ వచ్చింది.”

తల్లి తల దించుకున్నది. నేను కూడ దించుకున్నాను. ఎందుకంటే ఆ మూడు సంబంధాలలో ఒకటి నేను చెప్పి పంపినదే.

ఈ నవలలు మంచివా చెడ్డవా అని అడిగే తల్లిదండ్రులు మన సంఘాలలో చాలామంది ఉన్నారు. ఆ ప్రశ్నకు ముందు ఇంకొక ప్రశ్న ఉన్నది. మన పిల్లలు ఈ కథలలో వెదుకుతున్నది ఏమిటి?

ఈ కథలు ఎక్కడివి?

అనుకోకుండా ఇద్దరు ఎదురుపడటం, మొదట గొడవపడటం, తరువాత ఒకరికొకరు ఇష్టపడటం అనేది ఈనాటి కథ కాదు. ఇంగ్లండులో జేన్ ఆస్టెన్ అనే రచయిత్రి, ఒక పాదిరిగారి కుమార్తె, 1813లో ప్రచురించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవలలో నాయకుడు మొదటిసారి కనబడినప్పుడే నాయికను చిన్నచూపు చూస్తాడు. ఆమె ఆ మాట చెవిన వేసుకొని, స్నేహితులకు చెప్పి నవ్వుకుంటుంది. ఆ నవ్వు మీదనే కథ నడుస్తుంది. 1938లో వచ్చిన ఒక అమెరికా సినిమాలో ఒకాయన దుకాణానికి పోయి పైజామా జతలో పై చొక్కా మాత్రమే కావాలని పట్టుబడతాడు. అంతలో ఒక అమ్మాయి వచ్చి కింది భాగము చాలునంటుంది. అట్లా పరిచయము. ఇటువంటి ముచ్చటైన మొదటి కలయికను సినిమావాళ్ళు ‘మీట్ క్యూట్’ అని పిలుస్తారు. ఆ పేరుతోనే 2022లో తెలుగులో అయిదు కథల సిరీస్ ఒకటి వచ్చింది.

తెలుగులో ఇటువంటి కథలకు పెద్దపీట వేసిన సినిమాలలో ఒకటి 1955లో ఎల్.వి. ప్రసాద్ తీసిన ‘మిస్సమ్మ’. అందులో కథానాయిక క్రైస్తవ ఇంట పెరిగిన మేరీ. ఉద్యోగము లేని మేరీ, ఉద్యోగము లేని రావు, భార్యాభర్తలకు మాత్రమే ఇస్తామన్న పంతులు పని కోసం దంపతులమని అబద్ధమాడి ఒక ఊరికి చేరుతారు. సావిత్రి మేరీగా చేసిన చిరచిరలు చూసి ఆ తరమంతా నవ్వింది. ఆ నవ్వు వెనుక ఉన్నది ఆకలి, అప్పు. ఆ సంగతి మరువకూడదు.

తరువాత వారపత్రికల కాలము వచ్చింది. కృష్ణా జిల్లా కాజ గ్రామములో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ 1960లలో ‘జ్యోతి’ మాసపత్రికలో సీరియల్‌గా వచ్చి ఇంటింటికీ చేరింది. పనికి పోయి సొంత కాళ్ళమీద నిలబడాలనుకునే జయంతి, పెద్ద హోదా కలిగిన రాజశేఖరం, వాళ్ళిద్దరి పంతాలు. అది 1976లో సినిమా కూడ అయింది. ఆమె రాసిన ‘మీనా’లో పట్నపు పిల్ల పల్లెలో వ్యవసాయము చేసుకునే మేనమామ కొడుకును ఇష్టపడుతుంది. అది 1973లో సినిమాగా వచ్చింది. ఆమె 2018లో అమెరికాలో కన్నుమూసినప్పుడు, అమ్మమ్మలైన స్త్రీలు కూడ తమ పడుచుతనము గుర్తుచేసుకొని బాధపడ్డారు.

నవ్వులాట నవలకు మంచి ఉదాహరణ పొత్తూరి విజయలక్ష్మి గారి ‘ప్రేమలేఖ’. దానిని జంధ్యాల 1984లో ‘శ్రీవారికి ప్రేమలేఖ’ అనే సినిమాగా తీశారు. ఒక అమ్మాయి సరదాకు, ఎవరో తెలియని ఊహా మనిషికి ఒక ప్రేమలేఖ రాసి పోస్టు చేస్తుంది. అది నిజముగానే ఒక అబ్బాయి చేతికి చేరుతుంది. అతడు రాసిన పిల్లను వెదుక్కుంటూ బయలుదేరుతాడు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. అతడు ఇష్టపడినది ఆమె రంగును కాదు, ఎత్తును కాదు. ఆమె మాటను.

ఆ రోజులలో పుస్తకము కొనుక్కొనే స్థోమత ఎందరికి ఉండేది? రోజుకింత అని అద్దెకు తెచ్చి, ఒక్క నవలను వాడకట్టు ఆడపిల్లలంతా చదివేవారు. మా అక్క కూడ చదివేది. నా చిన్నతనములో ఒకనాడు ఆమె తలగడ కింద దొరికిన నవలను మా నాయన పొయ్యిలో పెట్టాడు. ఆ పుస్తకము వెల కట్టడానికి మా అక్క వేరుశనగ కాయ వలిచిన కూలి డబ్బు ఎన్ని రోజులు దాచిందో నాకు తెలుసు. అందులో ఏమున్నదని అక్కను ఎవరమూ అడగలేదు. పుస్తకము కాలింది గాని, ఆమె మనసులోని కోరిక కాలిందా?

ఇప్పుడు అద్దె పుస్తకాల దుకాణాలు దాదాపు కనుమరుగైనాయి. కథలు ఫోనులోనికి వచ్చినాయి. ప్రతిలిపి వంటి చోట్ల వందలకొలది తెలుగు ప్రేమకథలు భాగాలు భాగాలుగా వస్తున్నాయి. ఆనాడు నవలను పొయ్యిలో పెట్టినట్టు ఈనాడు ఫోనును పొయ్యిలో పెట్టలేము.

ఎందుకు ఇంత ఇష్టము?

ఆ పిల్ల ఫోనులోని నవలను నేను కూడ పూర్తిగా చదివాను. చదివి కొన్నిచోట్ల నవ్వాను కూడ. నాకు మూడు సంగతులు కనబడినాయి.

మొదటిది, ఈ కథలలో అమ్మాయి మాట్లాడుతుంది. ఎదురు చెబుతుంది, ఎగతాళి చేస్తుంది, తప్పుచేస్తే ఒప్పుకుంటుంది. అబ్బాయి వింటాడు. మన పెళ్ళిచూపులలో మాట్లాడేది పెద్దలు. అమ్మాయికి దొరికేది “పేరేంది? ఏం చదివినవ్?” అనే రెండు ప్రశ్నలు. అబ్బాయి కూడ పాపము నోరు మెదపడు.

రెండవది, బస్సులో సంచి మారినప్పుడు ఎవరికీ ఎవరి ఆస్తి తెలియదు. ఎన్ని ఎకరాలు, ఎన్ని తులాలు, ఏ ఉద్యోగము, ఏ కులము అనే లెక్క ఇంకా మొదలు కాలేదు. ఆ కొద్ది నిమిషాలు మనిషిని మనిషి చూస్తాడు. వరకట్నము పుచ్చుకోవడము, ఇవ్వడము నేరమని 1961లోనే చట్టము వచ్చింది. అయినా మన సంఘాలలో కూడ ఆ లెక్క తెగలేదు కదా! ఆ లెక్క వినీ వినీ విసిగిన పిల్లకు, లెక్క లేని కలయిక తియ్యగా ఉండటములో ఆశ్చర్యమేమి?

మూడవది నవ్వు. ఇద్దరు కలిసి ఒకే సంగతికి నవ్వగలరా లేదా అనేది చిన్న విషయము కాదు. కరువు సంవత్సరములో, పైరు ఎండినప్పుడు, పిల్లకు జ్వరము వచ్చినప్పుడు ఆ నవ్వే ఇంటిని నిలబెడుతుంది. ముప్పయి ఏండ్లు కాపురము చేసిన దంపతులను అడిగి చూడండి, చెబుతారు.

2016లో తరుణ్ భాస్కర్ తీసిన ‘పెళ్ళి చూపులు’ సినిమా మీలో కొందరు చూసి ఉంటారు. పెళ్ళిచూపులకు వచ్చిన అబ్బాయి, అమ్మాయి ఒక గదిలో ఉండగా తలుపు పట్టుకుపోతుంది. బయటివాళ్ళు తలుపు తెరిచేలోపల ఇద్దరూ తమ తమ ఓటములను, ఆశలను ఒకరికొకరు చెప్పుకుంటారు. తరువాత తెలుస్తుంది, అబ్బాయివాళ్ళు వచ్చినది తప్పు ఇంటికి! ఆ ఏట తెలుగులో ఉత్తమ చిత్రముగా దానికి జాతీయ బహుమానము వచ్చింది. తలుపు పట్టుకుపోతే గాని మన పిల్లలు మాట్లాడుకోలేరని ఆ సినిమా మనలను చూసి నవ్వుతున్నది.

నవల చెప్పని సంగతులు

యౌవనస్థులారా, ఇప్పుడు మీతో ఒక మాట.

నవల పెండ్లితో ముగుస్తుంది. కాపురము పెండ్లితో మొదలవుతుంది. సంచులు తారుమారు కావడము ఒక్క రోజు పని. ఆ తరువాత అతని అప్పు ఎంత, అతనికి తాగుడు ఉన్నదా, కోపము వస్తే చెయ్యి లేస్తుందా, మీ చదువు సాగనిస్తాడా అనేవి సంచిలో కనబడవు. ముచ్చటైన కలయిక మంచి మనిషికి సాక్ష్యము కాదు. మోసగాడికి కూడ మాటలు బాగా వస్తాయి. గడప ఎంత అందముగా ఉన్నా, లోపల ఇల్లు చూడకుండా ఎవరూ బాడుగకు కూడ దిగరు.

ఈ నవలలలో తరచుగా నాయకునికి కారు, మేడ, కంపెనీ ఉంటాయి. అతడు వచ్చి అమ్మాయి కష్టాలన్నీ తీరుస్తాడు. నడిగడ్డలో గాని, వనపర్తి వైపు గాని మన పిల్లలకు వచ్చేది రెండెకరాల రైతు, డ్రైవరు, మేస్త్రి, టీచరు. వీరిలో ఎందరో మంచి భర్తలు ఉన్నారు. కారు దిగే నాయకుని కోసము చూస్తూ, సైకిలు దిగిన మంచివానిని గుర్తుపట్టలేకపోతే నష్టము ఎవరికి?

ఇంకొక సంగతి కఠినముగానే చెప్పాలి. సినిమాలలో అబ్బాయి అమ్మాయి వెంటబడతాడు. వద్దన్నా వస్తాడు. బస్టాండు దగ్గర నిలబడతాడు. చివరకు అమ్మాయి ఒప్పుకుంటుంది. చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు. కుమారులారా, అది ప్రేమ కాదు. ఆడపిల్ల ఇష్టము లేదని తెలిపిన తరువాత కూడ మాటిమాటికి వెంటపడటము, ఫోనులో వేధించడము 2013 నుండి మన దేశములో ప్రత్యేకమైన నేరము. 2024 జూలై నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడ, 78వ సెక్షన్ కింద, అది నేరమే. మొదటిసారికే మూడేండ్లవరకు జైలు పడవచ్చు. ఇటువంటి వేధింపుల కోసమే తెలంగాణలో 2014లో షీ టీములు ఏర్పడినాయి. అనుకోకుండా ఒక్కసారి ఎదురుపడటము వేరు, దారి కాచి రోజూ ఎదురుపడటము వేరు. మొదటిది కథ, రెండవది భయము. కూతుళ్ళారా, అటువంటిది జరిగితే దాచిపెట్టకండి. తల్లిదండ్రులారా, పిల్ల వచ్చి చెప్పినప్పుడు ఆమె చదువు మాన్పించకండి. తప్పు ఆమెది కాదు.

బావి దగ్గర, పొలములో

బైబిలు చదివేవారికి అనుకోని కలయికలు కొత్త కాదు. రిబ్కా కడవతో బావికి వచ్చింది. యాకోబు రాహేలును బావి దగ్గరనే చూశాడు. మోషే మిద్యాను దేశములో సిప్పోరాను, ఆమె అక్కచెల్లెండ్లను బావి దగ్గరనే కలిశాడు. ఆ కాలములో ఆడపిల్ల ఇల్లు విడిచి వచ్చే చోటు బావి. మన కాలములో బస్టాండు, కాలేజీ, ఫోను.

రిబ్కా సంగతి చూడండి. అబ్రాహాము దాసుడు చూసినది ఆమె నడక కాదు. దప్పిగొన్న పరదేశికి నీళ్ళిచ్చి, అడగకుండానే అతని పది ఒంటెలకు కూడ తోడిపోసింది. దప్పికగా ఉన్న ఒంటె ఒక్కసారికి వంద లీటర్లదాకా తాగగలదు. నీళ్ళు మోసిన మన పల్లె ఆడవారికి అది ఎంత చాకిరీయో వేరే చెప్పనక్కరలేదు. దాసుడు చూసినది ఆ గుణమును. ఇంకొక విషయము మనము తరచుగా దాటిపోతాము. పెద్దలు అంతా మాట్లాడుకున్న తరువాత కూడ, రిబ్కాను పిలిచి, వెళ్ళడము నీకు ఇష్టమేనా అని అడిగారు. ఆమె తన నోటితో ఒప్పుకున్నది. ఇది ఆదికాండము 24వ అధ్యాయములో ఉన్నది. ఇంట్లో చదివి వినిపించండి.

రూతు సంగతి ఇంకా మనకు దగ్గర. భర్త చనిపోయిన కూలి మనిషి, పరాయి దేశపు స్త్రీ, యవల కోతలో పరిగె ఏరుకోవడానికి పోయి, అనుకోకుండానే బోయజు పొలములో అడుగు పెట్టింది. బోయజు ఆమెతో మాట్లాడాడు. అత్త నయోమికి ఆమె చేసిన మేలు తాను విన్నానని చెప్పాడు. భోజనము వేళ పక్కన కూర్చుండబెట్టి తినడానికి ఇచ్చాడు. ఆమె జోలికి పోవద్దని పనివాళ్ళకు గట్టిగా చెప్పాడు. తరువాత ఊరి గుమ్మము దగ్గర పదిమంది పెద్దలను కూర్చుండబెట్టి, అందరి ఎదుట, చాటుమాటు లేకుండా సంగతి తేల్చాడు. అనుకోని కలయిక, మాట, గౌరవము, కాపుదల, పెద్దల సాక్ష్యము అన్నీ అక్కడ ఉన్నాయి. నవలలు మొదటి రెండింటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాయి. మనమేమో చివరిదానిని ఒక్కదానినే పట్టుకున్నాము.

మనము చేయగలిగినది

నేను ఇప్పటివరకు ఎన్నో వివాహములు జరిపించాను. ప్రతి వివాహములో పెండ్లికుమార్తెను సంఘము ఎదుట అడుగుతాను, ఇతనిని భర్తగా అంగీకరిస్తున్నావా అని. ఆ పిల్ల మాటలు విన్న తరువాత నాకు ఒక దిగులు పట్టుకున్నది. ఎందరు ఆడపిల్లలకు ఆ ప్రశ్న మొదటిసారి ఎదురైనది అక్కడేనో! శుభలేఖలు పంచిన తరువాత, పందిరి వేసిన తరువాత, వంట పొయ్యిమీద ఉండగా అడిగే ప్రశ్నకు ఏ పిల్ల లేదు అని చెప్పగలదు? అది అడగడము కాదు, అడిగినట్టు చేయడము. అందుకే ఇప్పుడు నేను వివాహము నిశ్చయము కాకముందే ఇద్దరినీ వేరువేరుగా పిలిచి అడుగుతున్నాను.

తల్లిదండ్రులారా, మీరు చేయగలిగినవి కొన్ని చెబుతాను. సంబంధము వచ్చినప్పుడు పిల్లను నడిపించి చూపించకండి. ఇద్దరినీ ఒక గంట వసారాలోనో, మందిరము ఆవరణలోనో, పెద్దల కంటికి కనబడేటట్లు, చెవికి వినబడనంత దూరములో కూర్చుండనివ్వండి. ఒక్కసారి చాలకపోతే రెండవసారి రానివ్వండి. పిల్ల వద్దంటే కారణము అడగండి, కోపపడకండి. అబ్బాయి వద్దంటే పిల్లలో లోపము వెదకకండి. ఫోనులో ఏమి చదువుతున్నావని అరవడానికి బదులు, ఆ కథ నాకు కూడ చెప్పు బిడ్డా అని అడగండి. కథ గురించి మాట్లాడే పిల్ల, రేపు తన మనసు గురించి కూడ మాట్లాడుతుంది. అడగకుండా లాక్కుంటే ఆమె దాచడము నేర్చుకుంటుంది.

ఆ అమ్మాయి సంగతి ఏమైందని మీరు అడుగుతారు. మరి రెండు నెలలకు నాలుగవ సంబంధము వచ్చింది. ఆమె తండ్రిని ఒప్పించడానికి నాకు మూడు సాయంకాలములు పట్టింది. అబ్బాయి, అమ్మాయి మందిరము పక్కన వేపచెట్టు కింద కుర్చీలలో కూర్చున్నారు. మేము ఇటువైపు టీ తాగుతూ ఉన్నాము. ఒకసారి ఇద్దరి నవ్వు వినబడింది. తల్లి నా భార్య చెయ్యి పట్టుకున్నది.

ఆ సంబంధము కుదరలేదు. అబ్బాయి మంచివాడే. కాని పెండ్లి అయిన తరువాత ఆమె చదువు ఆపివేయాలని అతని ఇంటివారి పట్టు. తాను ఆ మాట దాటలేనని నిజాయితీగా చెప్పాడు. నేను చదువు ఆపలేనని ఆమె కూడ చెప్పింది. ఇద్దరూ మర్యాదగా లేచారు. వాళ్ళు వెళ్ళిన తరువాత తండ్రి చాలాసేపు మౌనముగా ఉండి, “గీ ముచ్చట పెండ్లైనంక తెలిస్తే ఏమైతుండెనో అయ్యగారూ” అన్నాడు. ఆ పిల్ల ఇప్పుడు చివరి సంవత్సరము చదువుతున్నది.

రాత్రిపూట ఇంకా నవలలు చదువుతున్నదట. తల్లి పక్కన కూర్చుండి, “తర్వాత ఏమైంది?” అని అడుగుతున్నదట.